ఇంట్లో లేదు

"ప్రతినిధిగారు లేచారా? టీ లోపలికి పంపమంటారా, తమరే దయచేస్తారా?"

అత్తగారు వంటింట్లోంచి ఇలా అడగడం మొదలుపెట్టి కొన్ని రోజులైంది. పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చిన రోజునుంచీ కోడలికి ఆ ఇంట్లో ఇదే పిలుపు. కోడలికున్న క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్, అంటే కాస్త శ్రమకే మనిషిని రోజుల తరబడి పడగొట్టే జబ్బుకి, ఎలా వైద్యం చెయ్యాలో డాక్టర్లకి చెప్పే మార్గదర్శకాలు తయారవుతున్నాయట. రాసే కమిటీలో రోగుల తరఫున ఇద్దరు ప్రతినిధులు కూర్చుంటారట. వాళ్ళలో ఒకరుగా రాగలరా అని అడిగారు. "వస్తాను" అని చెప్పేసి, ఫోను పెట్టేశాక గానీ ఆమెకి భయం వెయ్యలేదు.

రోగానికి కూడా ప్రతినిధులుంటారని అత్తగారికి అప్పుడే తెలిసింది. "నీకు ఓట్లేసిందెవరే?" అంది.

"ఎవరూ వెయ్యలేదత్తయ్యా. వెయ్యడానికి మాలో లేవగలిగినవాళ్ళెవరు?"

మీటింగుకి ముందు అన్ని రోజులూ ప్రతినిధి చేసిన పని, ఏ పనీ చెయ్యకుండా ఉండడం. వినడానికి హాయిగానే ఉంటుంది గానీ చేసి చూస్తే తెలుస్తుంది. తల ముందే రుద్దించుకుంది. స్టూలు మీద కూర్చుంటే అత్తగారే నీళ్ళు పోసి, తుడిచి, చిక్కు తీసింది. చెల్లెలు ఫోన్ చేస్తే "తర్వాత మాట్లాడతా" అని పెట్టేసింది. హాల్లో కిటికీ దగ్గర వేలాడుతున్న గోధుమరంగు కోటు వైపు వెళ్ళనే లేదు. చిరిగిన బట్టని చిరుగు కనపడకుండా కలిపేయడం ఆమె వృత్తి. ఆ బట్ట అంచులోంచే పోగులు లాగి, వాటితోనే అడ్డూ నిలువూ అల్లి, చిరుగు మూసేస్తుంది. ఒకప్పుడు షాపులో రోజంతా అదే పని. ఇప్పుడు ఒంట్లో బాగున్న రోజు ఇంటిదగ్గర ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఆ కోటు పని అయిపోయింది, గుండీలు బిగించడమొక్కటే మిగిలింది. అది కూడా మీటింగయ్యాకే అనుకుంది.

ఒకరోజు పొద్దున్నే బెల్లు మోగింది. ఎదురింటావిడ.

"పిన్నిగారూ, మీ కోడలుందా? జాకెట్టు జిప్పు ఊడిపోయింది, చూస్తుందేమోనని."

"లేదమ్మా. బజారుకెళ్ళింది."

"ఇంత పొద్దున్నేనా?"

"దానికేం, కాళ్ళల్లో చక్రాలున్నాయి."

గదిలో దుప్పటి కింద పడుకుని ఆ కాళ్ళ యజమానురాలు నవ్వాపుకుంది. అత్తగారికిది ఎప్పటినుంచో అలవాటు. కోడలు పట్టపగలు మంచం మీద ఉందని చెబితే లోకం ఏమంటుందో ఆవిడకి తెలుసు. మొదట్లో తనూ అదే అనుకుంది గనక మరీ బాగా తెలుసు. అందుకని కోడలు లేవలేని రోజుల్లో ఎవరొచ్చినా ఒకటే జవాబు, ఇంట్లో లేదు. బజారు, బ్యాంకు, చెల్లెలిల్లు, లైబ్రరీ, ఏది నోటికొస్తే అది. ఫలితంగా, మెట్లు దిగడానికే ఆయాసపడే మనిషికి ఆ భవనం మొత్తంలో ఒక పేరు స్థిరపడిపోయింది. తిరుగుబోతు కోడలు.

"బద్ధకస్తురాలని పేరు రావడం కంటే అదే నయం," అని అత్తగారి లెక్క. కోడలు కూడా కాదనలేదు. జడ లేకుండా, ముఖం పీక్కుపోయి ఉన్నప్పుడు ఎవరూ చూడకపోవడమే ఆమెకీ కావాలి.

మీటింగు ఆసుపత్రి పై అంతస్తులో. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆ రోజు డ్యూటీ మార్చుకుని, టాక్సీలో తీసుకొచ్చి, లిఫ్టు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. తలుపులు మూసుకునే ముందు, "ఇవాళ నువ్వు ఎంత బాగున్నావో తెలుసా?" అన్నాడు. ఆమెకి సంతోషం వేసింది. ఇస్త్రీ బట్టలు, అల్లిన జడ, ఇన్నాళ్ళు దాచుకున్న ఓపిక. ఆ సంతోషం ఎంత పొరపాటో కాసేపట్లోనే తెలిసింది.

పొడుగాటి బల్ల. ఒక్కొక్కరి ముందూ ఎవరు ఏమిటో రాసిన చిన్న అట్టముక్క. ఆమె పక్క కుర్చీ ముందు కూడా "రోగుల ప్రతినిధి" అనే ఉంది గానీ కుర్చీ ఖాళీగా ఉంది.

"లెక్కల మాస్టారండి, రాలేదు," అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న గుమాస్తా. "ఒంట్లో బాగాలేదట." అని, గైర్హాజరు అని టైపు కొట్టేశాడు.

"మరి ఆయన చెప్పాల్సింది?"

"హాజరైనవాళ్ళ అభిప్రాయాలే తీసుకుంటామండి. రూలు."

జబ్బు గురించి చెప్పమని పిలిచి, జబ్బు వల్ల రాలేదని పక్కన పెట్టేసే రూలు కనిపెట్టిన మహానుభావుడు ఎవరో ఆమెకి నిజంగానే తెలుసుకోవాలనిపించింది. అడగబోయింది గానీ ఇంతలో అధ్యక్షురాలు గొంతు సవరించుకుంది. నెరిసిన జుట్టు పెద్ద డాక్టరు ఆవిడ. మాట్లాడే ముందు కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకోవడం అలవాటులా ఉంది. కోటు అంచు ఆ చోట నలిగి పల్చబడిపోయింది. ఇంకొన్నాళ్ళకి చిరుగుతుంది అనుకుంది ప్రతినిధి.

ఒక వాక్యాన్ని ఇంతమంది కలిసి రాస్తారని ఆమెకి తెలియదు. "సూచించాలి" అనాలా, "సూచించవచ్చు" అనాలా అన్నదాని మీద టీ చల్లారిపోయేంతసేపు మాట్లాడుకున్నారు. ఆమెకి విసుగు రాలేదు సరికదా, ముచ్చటేసింది. రంగు కలిసే పోగు కోసం తనూ ఇలాగే కిటికీ దగ్గర నిలబడి సతమతమయ్యేది. వీళ్ళు మంచివాళ్ళే. జాగ్రత్తగలవాళ్ళే.

అప్పుడు తెర మీదకి ఆ వాక్యం వచ్చింది.

"రోగి నడకను, వ్యాయామాన్ని ప్రతివారం కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి."

వ్యాయామ నిపుణుడు లేచాడు. కుర్రవాడు, నవ్వుముఖం, కొత్త బూట్లు. అడుగు తీస్తే కిర్రుమంటున్నాయి. "మంచం మీద ఉండేకొద్దీ కండరం నీరసపడిపోతుంది. నెమ్మదిగా పెంచితే తిరిగొస్తుంది. మా దగ్గర చేరినవాళ్ళు చాలామంది బాగుపడి, మళ్ళీ రావలసిన అవసరమే లేకుండా పోయారు."

"నేను కూడా మీ విభాగానికి వచ్చేదాన్నండి," అంది ప్రతినిధి. "మొదట వీధి చివరిదాకా నడవమన్నారు, నడిచాను. తర్వాత పార్కు దాకా. తర్వాత పార్కు చుట్టూ. చుట్టూ తిరిగొచ్చాక మంచం ఎక్కాను. అంతే, మళ్ళీ షాపు మొహం చూడలేదు. మీ దగ్గరికి కూడా రాలేదు."

అతను నొసలు చిట్లించాడు. కోపం కాదు, ఆలోచన. "అంటే... రావడం మానేశారు కాబట్టి, మేము మిమ్మల్ని బాగుపడినవాళ్ళలో వేసుకుని ఉంటాం."

"ఎవరూ ఇంటికొచ్చి అడగలేదు."

"అడగం," అన్నాడు నిజాయితీగా. వెంటనే సర్దుకుని, "కానీ తప్పుగా అనుకోకండి, ఇప్పుడు మీరు చక్కగా ఉన్నారు. ఇంతసేపట్నుంచి కూర్చున్నారు. మా అందరికంటే గట్టిగా వాదిస్తున్నారు!"

బల్ల చుట్టూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. కానీ ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇన్ని రోజులు కూడబెట్టిన ఓపికని ఇక్కడికి మోసుకొచ్చి వీళ్ళ చేతిలో పెడితే, అదే తనకి జబ్బు లేదనడానికి సాక్ష్యమైపోయింది.

"ఎల్లుండి మా ఇంటికొచ్చి చూడండి," అని నోరు జారింది.

పెద్ద డాక్టరు కళ్ళద్దాలు తీసింది. "ఎల్లుండే ఎందుకమ్మా? రేపు కాదేం?"

"రేపు ఫరవాలేదండి. ఇవాళ్టి దానికి దెబ్బ ఎల్లుండి పడుతుంది."

డాక్టరు కళ్ళద్దాలు తుడవడం మర్చిపోయి ఆమెనే చూస్తూ ఉండిపోయింది. చివరికి, "ఈ వాక్యం వచ్చేవారం మీటింగులో తేలుద్దాం. అది ఆఖరు మీటింగు. తేలాక ప్రతి ఆసుపత్రికీ వెళ్ళిపోతుంది," అంది.

టాక్సీలో కళ్ళు మూసుకుని ఆమె అదే తలుచుకుంది. ప్రతి ఆసుపత్రికీ. అంటే, ముక్కూమొహం తెలియని ఇంకెవరో పార్కు చుట్టూ నడుస్తారు. బాగుపడతామని ఆశ పెట్టుకుని నడుస్తారు.

డాక్టర్లని ఇంటికి రమ్మన్న సంగతి ఇంట్లో చెప్పలేదు. పెద్దవాళ్ళు ఇలాంటివి మర్యాదకి వింటారు, వస్తారా ఏమన్నానా. వస్తే ఆ అవతారంలో తను కనపడాలి. ఆ ఆలోచనకే మొహం చిన్నబోయింది, అందుకని అది అక్కడితో వదిలేసింది.

మర్నాడు బాగానే ఉంది. అనుమానం వచ్చేంత బాగుంది. సాయంత్రం టీ కప్పు అందుకోబోతే వేళ్ళు దాని చుట్టూ సరిగ్గా ముడుచుకోలేదు. అత్తగారు కప్పు వెనక్కి తీసుకుని, గదిలో తెరలు లాగి, పక్క దులిపి వేసింది. ఎగతాళి కూడా ఆపేసింది.

తెల్లవారేసరికి దుప్పటి బరువు మొయ్యలేకపోయింది. వంటింట్లో కుళాయి చప్పుడు తలలోపల మోగుతోంది. పక్కకి తిరగాలనుకుంటే, అనుకోవడం దగ్గరే ఆగిపోతోంది. మాట కోసం వెతుక్కుంటే ఒకటి దొరికేలోపు రెండోది జారిపోతోంది. నిద్ర మాత్రం కాదు. నిద్రయితే ఎంత బాగుండును.

మధ్యాహ్నం బెల్లు మోగింది. గడప దగ్గర మాటలు ఆమెకి స్పష్టంగా వినబడుతున్నాయి.

"నమస్కారమమ్మా. మీ కోడలుగారున్నారా?"

"లేదండీ, ఇంట్లో లేదు," అంది అత్తగారు. కళ్ళుమూసుకుని చెప్పగలదు ఆ మాట. "బయటికెళ్ళింది."

"బయటికా?" ఆ గొంతు పెద్ద డాక్టరుదని ప్రతినిధి పోల్చుకుంది. "ఇవాళా?"

"ఒకచోట నిలుస్తుందా అది! లైబ్రరీకని వెళ్ళింది. ఎప్పటికొస్తుందో."

కిర్రుమని బూటు చప్పుడు. "నేను చెప్పాను కదా మేడమ్," అంది కుర్ర గొంతు. గెలిచిన సంబరం కాదు, పాపం, నిజంగా ఆమె బాగున్నందుకు సంతోషం. "కోలుకున్నారు. మంచిదే కదా."

"మంచిదే," అంది డాక్టరు, ఏదో పోగొట్టుకున్నట్టు. "వచ్చామని చెప్పండమ్మా."

తలుపు మూసుకుంది.

అత్తయ్యా, అని అరిచాననుకుంది ప్రతినిధి. పెదవి కదలలేదు. మంచం పక్క బల్ల మీద కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఉంది. చెయ్యి దానిదాకా పోవడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకి తెలియదు. బూట్ల కిర్రు మెట్లు దిగుతోంది. పట్టుకోవడం చేతకాలేదు గానీ తగలడం చేతనైంది. టోపీ కింద పడి, ఖంగుమని, దొర్లుకుంటూ తలుపుదాకా పోయింది.

అత్తగారు పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? నీళ్ళు కావాలా?"

కోడలి కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. "డాక్టరు," అంది. ఇంకేదో చెప్పబోయింది, రాలేదు. కాసేపాగి, "నేనే... రమ్మన్నా," అంది.

అత్తగారికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నోటిమీద చెయ్యేసుకుంది. ఎన్నేళ్ళో కోడలి పరువు కాపాడిన మాట, సరిగ్గా ఇవాళే కోడలి గొంతు మీద కాలేసింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, ఇన్నాళ్ళూ మెట్లు ఒక్కొక్కటే దిగే మనిషి, చెప్పులైనా వేసుకోకుండా వరండాలోకి పరిగెత్తి కమ్మీ పట్టుకుని కిందకి వంగింది.

"డాక్టరమ్మా! ఆగండి! అబద్ధం చెప్పాను! ఇంట్లోనే ఉంది! మా కోడలు ఎక్కడికీ వెళ్ళలేదు, లేవలేక మంచంలో ఉంది!"

మెట్లదారి అంతా మారుమోగింది. కింద బూట్లు ఆగాయి. ఎదురింటి తలుపు తెరుచుకుంది. పై అంతస్తులో ఎవరో తొంగిచూశారు. అత్తగారు ఎదురింటావిడ వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకోకుండా మళ్ళీ అరిచింది. "ఇంట్లోనే ఉంది!"

గది గుమ్మం దగ్గర అత్తగారు వేలు పెదవులమీద పెట్టి చూపించింది. కుర్రవాడు తన బూట్ల వైపు చూసుకుని, వంగి వాటిని విప్పి, కింద పెట్టడానికి చోటు తోచక చేత్తోనే పట్టుకుని లోపలికొచ్చాడు. పెద్ద డాక్టరు స్టూలు లాక్కుని కూర్చుంది. లైటు వెయ్యమనలేదు. మణికట్టు పట్టుకుని నాడి చూసింది, చూశాక కూడా వదల్లేదు.

ప్రతినిధి కళ్ళు తెరిచి చూసింది. జడలేదు. మొన్నటి మనిషే కాదు. మొహం గోడ వైపు తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేకపోయింది. తర్వాత తిప్పుకోవాలని కూడా అనిపించలేదు. చూడనీ. చూడ్డానికేగా రమ్మన్నాను.

"ఇలా ఎప్పట్నుంచి?" డాక్టరు గుసగుసగా అడిగింది.

"నిన్న సాయంత్రం కప్పు పట్టుకోలేకపోయింది, అప్పుడే అనుకున్నా," అంది అత్తగారు. "ముందు వేళ్ళు. తర్వాత మాట. తర్వాత వెలుతురు పడదు. బాగున్నప్పుడు చూస్తే ఎవరూ నమ్మరండీ. నేనే నమ్మలేదు చాలాకాలం. వేషాలనుకున్నా. బుద్ధి తక్కువై నోటికొచ్చినట్టు అన్నా కూడా." ఆవిడ కోడలి దుప్పటి సర్దింది. "పార్కు చుట్టూ తిరిగొచ్చిన రోజు కూడా బానే ఉందండీ. నవ్వుతూ వచ్చింది."

కుర్రవాడు బూట్లు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఆ రోజు మేము చూసి ఉంటే, పెంచవచ్చనే రాసుకునేవాళ్ళం," అన్నాడు మెల్లగా. "తర్వాతి రోజులు ఎప్పుడూ చూడలేదు."

వెళ్ళేటప్పుడు హాల్లో గోధుమరంగు కోటు దగ్గర అతను ఆగాడు. "ఇది ఆవిడ బాగుచేసిందేనా? చిరుగెక్కడ?"

"పైకి కనబడదు బాబూ. తిరగెయ్యి."

అతను కోటు లోపలి వైపు తిరగేసి, కిటికీ వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మళ్ళీ జాగ్రత్తగా తగిలించాడు.

గడప దగ్గర డాక్టరు అడిగింది, "అమ్మా, వచ్చేవారం మీటింగుకి మీరొస్తారా?"

"నేనా! నాకేం తెలుసండీ? ప్రతినిధి అది కదా..."

"ఆవిడ మళ్ళీ అన్ని రోజులు ఓపిక దాచుకుని, ముస్తాబై వస్తే, మేము మళ్ళీ అదే ముస్తాబు చూస్తాం. ఆవిడ కుర్చీలో మీరు కూర్చోండి. ఇప్పుడు చెప్పింది చెప్పండి చాలు."

ఎదురింటావిడ తలుపు ఇంకా ఓరగానే ఉంది.

మీటింగు రోజు అత్తగారి హడావుడి చూడాలి. రెండు జతల బట్టలు మార్చింది. కళ్ళజోడు ఒకసారి, చెప్పులు ఒకసారి వెతుక్కుంది. ప్రతినిధికి ఇప్పుడు దిండ్లు ఆనించుకుని కూర్చునే ఓపిక వచ్చింది. నవ్వుతూ చూస్తోంది.

"ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే?"

"తెలుగులో తిట్టండి."

"నాకు జబ్బు లేదు కదే, ఎలా ఒప్పుకుంటారు?"

"అక్కడ కూర్చునేవాళ్ళెవరికీ లేదత్తయ్యా."

వెళ్ళబోతుంటే మెట్ల దగ్గర ఎదురింటావిడ పట్టుకుంది. ఆ రోజునుంచీ ఆవిడ అత్తగారి కళ్ళల్లో కళ్ళు పెట్టి చూడలేక తప్పుకు తిరుగుతోంది. ఇప్పుడు మాత్రం, "కోడలు..." అని ఆగిపోయింది.

"ఇంట్లో ఉంది," అంది అత్తగారు. "ఇవాళ బయటికెళ్ళేది నేను."

సాయంత్రం భర్త తల్లిని తీసుకొచ్చి దింపి, డ్యూటీకి పోయాడు. అత్తగారు బట్టలైనా మార్చుకోకుండా కోడలి గదిలోకొచ్చి, గోడవారన ఉన్న రెండో మంచం మీద వెల్లకిలా పడింది.

"అమ్మో! అంతసేపు ఎలా కూర్చున్నావే తల్లీ అక్కడ? బిస్కెట్టు తిందామంటే కరకర వినబడుతుందని భయం."

"వాక్యం ఏమైంది?"

"ఉండు, ఊపిరి పీల్చుకోనీ." పీల్చుకుంది. "కొట్టేశారు."

ప్రతినిధి దిండ్ల మీంచి ముందుకి వంగింది.

"కొట్టేద్దామన్నది ఎవరనుకున్నావ్? ఆ బూట్ల అబ్బాయే. కొందరు ఒప్పుకోలేదులే. ఒక ముసలి డాక్టరు, ఒక్క ఇంటికెళ్ళి చూసొచ్చి అందరికీ రూలు రాస్తామా అన్నాడు. అయితే అందరి ఇళ్ళకీ వెళ్ళండి నాయనా అన్నాను నేను. నవ్వారు గానీ ఆ పెద్దావిడ నవ్వలేదు. అదే మాట రాయించింది. రోగి నడవగలిగాడా అని కాదు, నడిచిన తర్వాతి రెండు మూడు రోజులు ఎలా ఉన్నాడో తెలుసుకున్నాకే ఏదైనా చెప్పాలని. మానేసిన వాళ్ళని బాగుపడినట్టు అనుకోకూడదని. ఏడాది తర్వాత మళ్ళీ చూస్తారట." ఆవిడ ఆగి, మోచేతి మీద లేచింది. "ఇంకోటి. నీ పక్క కుర్చీ ఇవాళ కూడా ఖాళీయే. గైర్హాజరు అని కొట్టబోతున్నాడా గుమాస్తా. ఫోన్ చెయ్యవయ్యా, పడుకునే చెబుతాడు అన్నాను. చేశారు. పాపం మాస్టారు రెండు మాటలు చెప్పి, ఇంక చాలండి అన్నాడు. ఆ రెండూ రాసుకున్నారు."

ప్రతినిధి ఏడుస్తోందో నవ్వుతోందో అత్తగారు పోల్చుకోలేకపోయింది. ఏదైనా ఫరవాలేదన్నట్టు మళ్ళీ వెనక్కి వాలింది.

బెల్లు మోగింది. "పిన్నిగారూ!" ఎదురింటావిడ గొంతు.

కోడలు అత్తగారి వైపు చూసింది. లేవడానికి ఇద్దరిలో ఎవరికీ ఓపిక లేదు. అత్తగారు కళ్ళు కూడా తెరవకుండా, ఇల్లంతా వినపడేలా కేకేసింది.

"ఇద్దరం ఇంట్లోనే ఉన్నామమ్మా! ఇద్దరం పడుకున్నాం! రేపు రా!"